నట్టల మందు నెలనెలా పోయాలా, బాపు మాట వినాలా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు హైదరాబాద్‌లో పనిచేసి ఇంటికి వచ్చేశాను, ఇప్పుడు బాపుతో కలిసి మంద చూసుకుంటున్నా. 62 గొర్రెలు, 7 మేకలు. వానలు పడ్డప్పటి నుంచి నెలకోసారి అన్నింటికీ నట్టల మందు పోస్తున్నా. అయినా పోయిన నెల రెండు పిల్లలు చనిపోయాయి. మూడు వారాల కింద జత పిల్లల్ని ఈనిన గొర్రెకు దవడ కింద సంచిలా నీరు దిగింది. మిగతావి అదే గడ్డి తిని బాగానే ఉన్నాయి. దీనికి పారుడు లేదు, పెంటికలు గట్టిగానే వేస్తోంది, కాబట్టి నట్టలు కావనుకుంటున్నా. బాపేమో "అన్నింటికీ పోసి పాడు చేస్తున్నవ్, వాటి ఒంట్ల శక్తి వాటికుంటది, నీరసమున్నదానికే పొయ్యి" అంటాడు. ఊళ్లోకి బండి మీద వచ్చే ఒకాయన ఇమ్యూనిటీ టానిక్ అని సీసా 650కి ఇస్తానంటున్నాడు, ఒక సూది వేస్తే రెండ్రోజుల్లో లేస్తుందట. జీవాలకు నట్టల మీద ఇమ్యూనిటీ నిజంగా ఉంటుందా? పెంచొచ్చా? టీకా ఏమైనా ఉందా?

జవాబు:

తమ్ముడూ, మీ బాపుతో నీ పంచాయితీ తర్వాత తెంపుదాం, ముందు ఆ దవడ వాపు గొర్రెను పట్టుకో. పొద్దున దొడ్డిలోంచి లేచినప్పుడు వాపు తక్కువగా, సాయంత్రం మేసి వచ్చేసరికి ఎక్కువగా ఉంటోందా చూడు. రోజంతా తల వంచి మేస్తుంది కాబట్టి నీరు జారి అక్కడ నిలుస్తుంది, రాత్రి తల ఎత్తి పడుకుంటే కొంత తగ్గుతుంది. ఆ తర్వాత మంచి వెలుతురులో నిలబెట్టి కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడు. ఎర్రగా, కనీసం గులాబీ రంగులో ఉండాలి. నీ గొర్రెకు తెల్ల కాగితంలా ఉంటుందని నేను ఇక్కడ కూర్చునే పందెం కాస్తా.

పెంటికలు గట్టిగా ఉన్నాయి కాబట్టి నట్టలు కావు అన్నావు చూడు, నీ ఉత్తరం మొత్తంలో నాకు టెన్షన్ పెట్టింది ఆ ఒక్క మాటే. వానాకాలంలో మన దిక్కు గొర్రెల్ని తినేసే నట్ట పేరు హీమాంకస్. అది పారుడు పెట్టించదు, కూర్చుని రక్తం తాగుతుంది. గొర్రె చివరి దాకా పెంటికలు గట్టిగా వేస్తూనే ఉండి, ఒక రోజు మంద వెనక పడిపోతుంది, తెల్లారి లేవదు. పారుడు ఉందంటే చూడాల్సినవి వేరే ఉంటాయి, పిల్లల్లో కాక్సీడియా అనే కంటికి కనపడని పేగు పరాన్నజీవి, చెరువు నీళ్ల పక్కన మేసేవాటిలో పొట్ట జలగలు, పీపీఆర్ అనే వైరస్ రోగం, అవన్నీ ఇంకో రోజు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ములుగు వైపు ఒక మందలో చచ్చిన గొర్రెను కోసి మొదటిసారి నాలుగో పొట్ట తెరిచాను. లోపలి నీళ్లలో ఎరుపూ తెలుపూ దారాలు కలిపి పురివేసినట్టు, అంగుళం లోపు పొడవున్నవి వందల కొద్దీ మెల్లగా మెలికలు తిరుగుతున్నాయి. ఆడ నట్ట లోపల రక్తం నిండిన పేగు ఎర్రగా, దాని చుట్టూ చుట్టుకున్న అండాశయం తెల్లగా ఉంటుంది, అందుకే ఆ రంగు. పక్కన నిలబడ్డ ముసలాయన "ఇది గడ్డి తిన్లేదు సారూ, గడ్డే దీన్ని తిన్నది" అన్నాడు. నేను చదివిన పుస్తకంలో ఇంత బాగా లేదు.

ఒక్కో నట్ట రోజుకు తాగేది సుమారు 0.05 మిల్లీలీటర్లు, చుక్కంత. వెయ్యి నట్టలుంటే 50 మిల్లీలీటర్లు, అంటే హోటల్లో ఇచ్చే చిన్న చాయ్ గ్లాసు దాదాపు నిండుతుంది, రోజూ. 30 కిలోల గొర్రె ఒంట్లో మొత్తం రక్తమే రెండు లీటర్ల లోపు ఉంటుంది, మిగతా లెక్క నువ్వే వేసుకో. రక్తంతో పాటు అందులోని ప్రొటీన్ కూడా పోతుంది. నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచేది ఆ ప్రొటీనే కాబట్టి, అది తగ్గగానే నీరు బయటికి ఊరి దవడ కింద సంచి కడుతుంది. ఒక్క అనుమానం మాత్రం మిగులుతుంది: మీ మంద చెరువు శిఖంలో మేస్తున్నట్టయితే కార్జపు జలగలకు కూడా ఇదే వాపు, ఇదే తెల్ల కన్ను వస్తాయి, దానికి మందు వేరు. అందుకని నేలమీద ఏరినవి కాకుండా తాజా పెంటికలు నేరుగా చిన్న ప్లాస్టిక్ కవర్లోకి తీసి, గొర్రె నంబర్ రాసి, అదే పూట పశువుల దవాఖానకు తీసుకెళ్లు. డాక్టర్ చెప్పిన మందు పోశాక కొన్ని రోజులు దాన్ని మందతో నడిపించొద్దు, తరమొద్దు, ఇంత రక్తం పోయిన గొర్రె పరుగెత్తితే గుండె ఆగుతుంది. నీడన కట్టేసి మేత దాని దగ్గరికే తీసుకెళ్లు.

ఇక నీ అసలు ప్రశ్న. అదే గడ్డి తిని మిగతావి ఎట్లా బాగున్నాయి? వాటికీ నట్టలు ఉన్నాయి తమ్ముడూ. వానాకాలంలో నేల మీద మేసే గొర్రె నట్ట లేకుండా ఉండడం అనేది జరగదు, ఎన్నింటిని పడనిస్తుంది, పడ్డవాటిని ఎంత పెరగనిస్తుంది అన్న దగ్గరే తేడా. ఆ తేడాకే ఇమ్యూనిటీ అని పేరు. కరోనా టైంలో టీవీల్లో విని విని ఇమ్యూనిటీ అంటే రోగం దగ్గరికే రానివ్వని గోడ అనుకుంటున్నాం, నట్టల విషయంలో అట్లాంటి గోడ ఉండదు.

బ్యాక్టీరియా లాంటి చిన్నవి ఒంట్లో దూరితే తెల్ల కణాలు వచ్చి మింగేస్తాయి. నట్టను మింగడం కుదరదు, కణం కన్నా అది వేల రెట్లు పొడవు, చీమ పోయి కొండచిలువను మింగాలని చూసినట్టు ఉంటుంది. అందుకని ఒళ్లు ఇంకో దారి పట్టింది. ఖాళీ చేయని కిరాయిదారుకు ఇంటాయన నీళ్లు బంద్ చేసి, కరెంటు బంద్ చేసి, పొద్దస్తమానం గొడవ పెట్టుకున్నట్టు, నట్టకు అక్కడ ఉండబుద్ధి కాకుండా చేస్తుంది.

పేగు గోడలో అక్కడక్కడా తల మీద కుచ్చులాంటివి ఉండే కణాలుంటాయి, టఫ్ట్ సెల్స్ అంటారు. నాలుక మీద రుచి తెలిపే కణాల్లో ఉండే ఏర్పాటే వీటిలోనూ ఉంటుంది, ఒక రకంగా పేగు తనలోకి వచ్చినదాన్ని రుచి చూస్తుందన్నమాట. ఇవి ఎందుకున్నాయో చాలా ఏళ్లు ఎవరికీ తెలియదు, 2016లో ఎలుకల మీద వేర్వేరు బృందాలు చేసిన పరిశోధనల్లో తేలింది: నట్ట వచ్చిన సంగతి మొదట పసిగట్టి కేక వేసేవి ఇవే. గొర్రె నాలుగో పొట్టలో కూడా నట్టలు పడ్డప్పుడు ఈ కణాలు పెరగడం తర్వాత చూశారు. కేక అంటే ఇంటర్‌ల్యూకిన్-25 అనే రసాయనం. అది విని గోడ కింద కాపలా ఉండే తెల్ల కణాలు ఇంటర్‌ల్యూకిన్-13 వదులుతాయి, దాంతో పని మొదలవుతుంది. జిగురు చేసే కణాలు పెరిగి గోడంతా జారుడు బండలా మారుతుంది. పేగు కండరాలు గట్టిగా ముడుచుకుంటూ విడుచుకుంటూ లోపలున్నదాన్ని కిందికి తోస్తాయి, నీరు ఊరి కడిగేస్తుంది. గోడ మీది పాత కణాల పొర మామూలు కన్నా తొందరగా రాలి కొత్తది వస్తుంది, గోడలో తల గుచ్చి ఉండే రకం నట్టలకు కాళ్ల కింద నేల జరిగిపోయినట్టు అవుతుంది (నట్టకు కాళ్లెక్కడివి అనకు).

ఇది మొదటి దెబ్బ, అన్ని నట్టలకూ ఒకే తీరుగా పడేది. రెండోది ఒళ్లు నేర్చుకుని కొట్టేది, దీనికి వారాలు పడుతుంది. అది ఏ రకం నట్టో గుర్తుపట్టిన తెల్ల కణాలు దానికి సరిపడే యాంటీబాడీలు తయారు చేయిస్తాయి. వాటిలో ఐజీఈ అనేది మాస్ట్ కణాల మీద ఎక్కి కూర్చుంటుంది, మళ్లీ అదే నట్ట వాసన తగలగానే ఆ కణాలు పగిలి దురద పుట్టించే రసాయనాలు గుమ్మరిస్తాయి. మనకు దుమ్ము పడక తుమ్ములు, దద్దుర్లు వస్తాయి కదా, అదే సరంజామా. చాలామంది శాస్త్రవేత్తలు అలర్జీ అనేది అసలు నట్టల కోసం తయారైన ఆయుధమే అంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. ఇయోసినోఫిల్స్ అనే కణాలు గుంపుగా వచ్చి పిల్ల నట్టలను చుట్టుముట్టి విషం చల్లుతాయి. 1879లో పాల్ ఎర్లిక్ ఇయోసిన్ అనే గులాబీ రంగు వేసి వీటిని గుర్తుపట్టాడు, పేరు అందుకే. ఇక ఐజీఏ యాంటీబాడీలు చేసే పని నాకు అన్నింటికన్నా ముచ్చటగా ఉంటుంది, అవి నట్టను ఎదగకుండా చేస్తాయి. స్కాట్లండ్‌లో హీమాంకస్‌కు దగ్గరి చుట్టమైన ఇంకో నట్ట మీద చూస్తే, ఐజీఏ ఎక్కువున్న గొర్రెల్లో నట్టలు పొట్టివిగా ఉన్నాయి. పొట్టి నట్ట తక్కువ గుడ్లు పెడుతుంది. హీమాంకస్ ఆడది రోజుకు 5,000 నుంచి 10,000 దాకా గుడ్లు పెట్టే రకం, అట్లాంటిదాన్ని చంపకపోయినా గిడసబారేలా చేస్తే చాలు, నీ గడ్డి మీద పడే గుడ్లు ఎన్ని తగ్గుతాయో చూడు.

ఇది ఇవాళ కనిపెట్టిందేం కాదు. 1929లోనే నార్మన్ స్టోల్ అనే అమెరికా ఆయన పచ్చికలో మేసే గొర్రె పిల్లల పెంటికల్లో గుడ్లు లెక్కపెడుతూ పోయాడు. ఎక్కి ఎక్కి పోయిన లెక్క ఒక దశలో ఏ మందూ లేకుండా దానంతట అదే పడిపోయింది, తర్వాత కొత్త నట్టలు పోయినా పెద్దగా నిలబడలేదు. ఇంగ్లిష్‌లో దీన్ని సెల్ఫ్ క్యూర్ అంటారు, మీ బాపు "వాటి ఒంట్ల శక్తి" అంటాడు.

మరి జత పిల్లల తల్లికి ఆ శక్తి ఎక్కడ పోయింది? పాలల్లోకి పోయింది. నేను చెప్పిన జిగురు, యాంటీబాడీలు, కొత్త కణాల పొర, ఇవన్నీ ప్రొటీన్‌తో తయారవుతాయి. గొర్రె ఒంట్లో ప్రొటీన్ తక్కువ పడ్డప్పుడు మొదటి వాటా కడుపులో పిల్లకు, తర్వాత పాలకు, మిగిలితే నట్టలతో కొట్లాటకు. ఈనడానికి రెండు వారాల ముందు నుంచి, ఈనాక ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా దాదాపు ప్రతి గొర్రెకూ నట్టల మీద పట్టు సడలుతుంది, జత పిల్లలైతే మరీ. అప్పుడే దాని పెంటికల్లో గుడ్లు కుప్పలుగా పడతాయి, మన వానాకాలపు వేడికీ తేమకీ నాలుగు నుంచి ఏడు రోజుల్లో అవి గడ్డి ఎక్కే పిల్ల నట్టలవుతాయి. ఆ గడ్డిని మొదటిసారి నోట్లో పెట్టుకునేది ఎవరు? దాని పిల్లలే. వాటి ఒంటికి ఇంకా నేర్చుకునే తీరిక దొరకలేదు, నట్టల మీద గట్టి పట్టు రావడానికి గొర్రె పిల్లకు అయిదారు నెలలు పడుతుంది, అదీ మధ్యలో కొంచెం కొంచెం నట్టలు తగిలితేనే. నీ రెండు పిల్లలు చచ్చినది దీనితోనే అని చూడకుండా చెప్పలేను గానీ, నా అనుమానం అటే పోతోంది.

కాబట్టి ఇమ్యూనిటీ పెంచే టానిక్ ఎక్కడుందంటే సీసాలో లేదు, పల్లి చెక్కలో ఉంది. ఈనే ముందు నెలన్నర, ఈనాక నెలన్నర, గొర్రెకు రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా పెట్టు, మక్కలు, పల్లి చెక్క, తవుడు కలిపి. 62కీ పెట్టనవసరం లేదు, సూడివాటికీ పాలిచ్చేవాటికీ చాలు, జత ఈనినవాటికి ఇంకొంచెం. దాణాకు పైసలు కష్టమైతే సుబాబుల్, అవిశె కొమ్మలు కొట్టి వెయ్యి, సుబాబుల్ ఒక్కటే మాత్రం కడుపునిండా పెట్టొద్దు. తుమ్మ ఆకు, తుమ్మకాయ కూడా మంచివి, అందులోని వగరు మేతలోని ప్రొటీన్ మొదటి పొట్టలోనే చెడిపోకుండా కాపాడుతుంది, నట్టలకు కూడా కొంత ఇబ్బంది చేస్తుంది. ఆ 650 రూపాయలతో చెక్క కొనుక్కో.

రెండ్రోజుల్లో లేపే ఆ సూది గురించి కూడా ఒక మాట. అది ఏ సూదో నాకు తెలియదు, కానీ ఊళ్లల్లో అట్లా చెప్పి వేసేవాటిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. జీవం ఆ పూటకు హుషారవుతుంది, మేత ముడుతుంది, ఆయన పైసలు తీసుకుని పోతాడు. ఇంత సేపు నేను చెప్పిన కొట్లాట మొత్తాన్ని ఆపేసే మందు అది. పైగా నెలలు నిండుతున్న సూడి గొర్రెకు వేస్తే ముందే ఈనేస్తుంది. సీసా మీద పేరు చూపించనివాడిని దొడ్డిలోకి రానియ్యకు.

టీకా అడిగావు. ఉంది, మన దుకాణాల్లో దొరకదు. స్కాట్లండ్‌లోని మోర్డన్ సంస్థ చేసిన పరిశోధనతో ఆస్ట్రేలియాలో 2014లో బార్బర్‌వాక్స్ అనే పేరుతో వచ్చింది. దాని తెలివి చూడు, నట్ట పేగు లోపలి గోడలో ఉండే ప్రొటీన్ తీసి గొర్రెకు ఎక్కిస్తారు. గొర్రె రక్తంలో దానికి యాంటీబాడీ తయారవుతుంది. నట్ట ఎప్పటిలాగే రక్తం తాగుతుంది, తాగిన రక్తంతో పాటు యాంటీబాడీ దాని కడుపులోకే పోయి పేగును పాడు చేస్తుంది. చిక్కేమిటంటే మామూలుగా నట్టలు పడ్డప్పుడు ఆ ప్రొటీన్ గొర్రె కంట పడదు, కాబట్టి గుర్తు చేయడానికి సీజన్‌లో సుమారు ఆరు వారాలకోసారి మళ్లీ వేస్తూ ఉండాలి. మన దవాఖానల్లో చిటుక రోగానికి, పీపీఆర్‌కి వేసే టీకాలు నట్టల మీద పనిచేయవు, వాటి పని వాటిది, వేయించడం మాత్రం మానకు.

ఇప్పుడు మీ పంచాయితీ. మీ బాపు మాట ముప్పావు నిజం. ఏ మందలోనైనా కొద్ది గొర్రెల కడుపులోనే ఎక్కువ నట్టలుంటాయి, మిగతావి తమ సంగతి తామే చూసుకుంటాయి. అన్నింటికీ నెలనెలా పోస్తే మందుకు చచ్చే నట్టలన్నీ చచ్చి, చావని మొండివే గుడ్లు పెట్టుకుంటూ పోతాయి, గడ్డి మీద వాటి పిల్లలే మిగులుతాయి. థయాబెండజోల్ అనే మందు 1961లో బజార్లోకి వస్తే 1964కల్లా దానికి లొంగని హీమాంకస్ కనిపించింది, మూడేళ్లు. కొన్ని గొర్రెలకు మందు పోయకుండా వదిలితే వాటిలోని మామూలు నట్టలు గడ్డి మీద ఈ మొండివాటితో కలిసిపోతాయి, మందు ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది. నేను చెప్పిన ఆ ములుగు మందకు అప్పట్లో అన్నింటికీ నెలనెలా పోయమని రాసిచ్చింది నేనే. రెండో ఏడు అదే మందు పోస్తే నీళ్లు పోసినట్టే అయింది. ఆ ముసలాయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే బాధ.

మీ బాపు కనురెప్ప తిప్పి చూస్తాడా? పాత గొల్ల కురుమ పెద్దలు చాలామంది చూస్తారు. దక్షిణాఫ్రికాలో 1990లలో పశువైద్యులు ఇదే పనికి అయిదు రంగుల కార్డు తయారు చేశారు, ఫమాచా అంటారు. ఎరుపు ఒకటి, తెలుపు అయిదు, ఒకటీ రెండూ ఉన్నదాన్ని వదిలేసి నాలుగూ అయిదూ ఉన్నదానికి మందు పోస్తారు, మూడు వస్తే పాలిచ్చేదో పిల్లో అయితే పోస్తారు. వానాకాలంలో రెండు వారాలకోసారి చూడు, 62 గొర్రెలకు ఒక పొద్దు చాలు. మందు మాటిమాటికీ అడిగే గొర్రెకు ఒక నోటుబుక్కులో గీత పెట్టు. ఏడాదిలో ఎక్కువ గీతలున్నదాని పొట్టేలు పిల్లను విత్తనానికి ఉంచుకోకు, ఈ గుణం పిల్లలకు దిగుతుంది. కెన్యాలో రెడ్ మసాయి, మన దేశంలోనే సుందర్‌బన్స్ వైపు గరోల్ గొర్రెలు నట్టలకు తట్టుకునే జాతులుగా నిలిచింది అట్లా తరతరాలుగా వడపోత జరిగే.

బాపు మాటలో మిగిలిన పావు ఎక్కడ తప్పంటే, నీరసం కనపడే దాకా ఆగడం. హీమాంకస్‌తో నీరసం కనపడిందంటే సగం రక్తం పోయినట్టే, పిల్లలకైతే ఆ టైం కూడా ఉండదు. పిల్లలకూ, ఈనబోయేవాటికీ, కొత్తగా ఈనినవాటికీ కన్ను చూసి కాకుండా డాక్టర్‌ని అడిగి పోయడమే మంచిది. సూడి మొదటి నెలలో మాత్రం ఆల్బెండజోల్ పోయొద్దు, పిల్ల అవిటిగా పుట్టొచ్చు. బరువు అందాజగా వేసి తక్కువ పోయడం నట్టలకు ట్రైనింగ్ ఇచ్చినట్టే, కాబట్టి తూకం తెచ్చుకో. మేకలు ఏడున్నాయన్నావు, వాటికి గొర్రె డోసే పోస్తున్నావా? మేక ఒంట్లో మందు తొందరగా అరిగిపోతుంది, చాలా మందులకు ఎక్కువ డోసు కావాలి, కొన్నింటికి ఎక్కువైతే ప్రమాదం, మందు పేరు చెప్పి డాక్టర్‌నే అడుగు. పైగా మేక మొదటి నుంచి కొమ్మలు తినే జీవం, నేలగడ్డి మీది నట్టలతో గొర్రెకున్నంత అలవాటు దానికి లేదు, ఇమ్యూనిటీ కూడా దానికి తక్కువే. వాటిని కంచె మీదికి వదులు, గడ్డి మీదికి తోలకు. మేడారం జాతరకు అమ్మేవి ఉంటే మందు పోసిన తేదీ రాసి పెట్టుకో, సీసా మీద రాసిన గడువు దాటకుండా కోతకు ఇవ్వొద్దు.

ఇంకా పొద్దున మంచు ఆరకముందు మందను తోలొద్దు, పిల్ల నట్టలు ఆ తడి పట్టుకునే గడ్డి మొనకు ఎక్కుతాయి, ఎండ వచ్చాక కిందికి దిగిపోతాయి. పిల్లలను ఈ వానాకాలంలో గొర్రెలు తొక్కని మక్క చేనులోకో వరి కొయ్యకాళ్లలోకో వేరుగా తోలగలిగితే ఇంకా మంచిది.

ఇప్పటిదాకా పోసిన మందు నీ మందలో పనిచేస్తోందా లేదా అన్నది ఇంకా తేలలేదు. మందు పోసే రోజు పది గొర్రెల పెంటికలు, వాటివే మళ్లీ 10 నుంచి 14 రోజుల తర్వాత పరీక్షకు ఇవ్వు. గుడ్లు నూటికి 95 దాకా తగ్గకపోతే ఆ మందు మార్చాల్సిందే. దగ్గర్లో గుడ్లు లెక్కపెట్టే ఏర్పాటు లేకపోతే మామునూరు పశువైద్య కళాశాలలో అడుగు. రెండు లెక్కలూ, మందు పేరూ రాసి పంపు, ఆ జత పిల్లల తల్లి కన్ను ఏ రంగుకు వచ్చిందో కూడా.